బ్రేకూ యాక్సిలరేటరూ కలిపి నొక్కిన రోజు

మంచులో కారు ఇరుక్కుంటే బయటికి ఎలా తీయాలో నాకు బాగా తెలుసు. మంచు మాత్రం నేను ఇప్పటివరకూ చూడలేదు. నా ఉద్యోగం గురించి చెప్పమని మీలాంటి పిల్లలు అడిగినప్పుడల్లా ఈ రెండు ముక్కలతోనే మొదలుపెడతాను. ముందు నవ్వుతారు, ఆ తర్వాత ఎవరో ఒకరు "అదెలా ఆంటీ?" అంటారు. అడిగిన పాపానికి కుదురుగా కూర్చుని వినండి, మధ్యలో ఫోన్లు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మెకానికల్ ఇంజినీరింగ్ చదివి కోబాల్ అనే కంప్యూటర్ భాష నేర్చుకున్న తరం మాది. కాకినాడలో మా క్లాసులో ఆడపిల్లని నేనొక్కదాన్నే. వర్క్‌షాపులో ఆకురాయితో ఇనుము అరగదీసిన ఈ చేతులు సింగపూర్ వచ్చి, బ్యాంకుల ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలు చేసే పనిలో పడ్డాయి. అప్పట్లో ఐటీ అంటే చాలు, ఎవరినైనా పిలిచి కుర్చీ వేసేవారు. రెండువేల సంవత్సరం వచ్చింది, ప్రపంచం ఏమీ మునిగిపోలేదు, పెళ్లయిన మర్నాడు పందిరి విప్పినట్టు మా పని విప్పేశారు. అప్పుడు నా మెకానికల్ డిగ్రీ చూసి ఉద్యోగం ఇచ్చిన ఏకైక కంపెనీ బుకిట్ బటోక్‌లో ఉండేది. ఫ్యాక్టరీలు అంతస్తులుగా పేర్చిన పెద్ద భవనంలో, కింద అంతస్తులో, మా పక్కన నూడుల్స్ గోడౌను.

మేం చేసేది డ్రైవింగ్ నేర్పే యంత్రం. నిజం కారును మధ్యకి కోసి, ముందు సగం నేల మీద బిగించి, ఎదురుగా తెరలు పెట్టేవాళ్లం. స్టీరింగ్ తిప్పితే తెర మీద రోడ్డు తిరుగుతుంది. పెడల్ నొక్కితే చెట్లు వెనక్కి పోతాయి. కారు బరువు, చక్రాల పట్టు, ఇంజిన్ బలం లెక్కగట్టి అది ఎలా కదలాలో ప్రోగ్రాముకి చెప్పడం నా పని. చదివిన చదువు ఇన్నాళ్లకి అక్కరకొచ్చిందని ఆ రోజుల్లో నేను నేల మీద నడిచేదాన్ని కాదు.

మా బాస్ సింగపూర్ చైనీస్ ఆవిడ. కంపెనీ పెట్టకముందు చాలా ఏళ్లు డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెప్పింది. ఆవిడ చేతిలో సగం ఊరు కారు నేర్చుకుందని అంటే పెద్ద అతిశయోక్తి కాదు. ఆవిడకి ఒకే ఒక మంత్రం ఉండేది, ఒక కాలు రెండు పెడల్స్. గేర్లు మార్చనక్కర్లేని ఆటోమేటిక్ కారులో ఎడమకాలు చచ్చినట్టు నేల మీద ఉండాలి, కుడికాలు ఒక్కటే బ్రేకుకీ యాక్సిలరేటర్‌కీ మధ్య తిరగాలి. రెండు కాళ్లూ వాడినవాళ్లు కంగారులో రెండూ కలిపి నొక్కి గోడలకు గుద్దడం ఆవిడ కళ్లారా చూసింది. అందుకే మా యంత్రంలో రెండు పెడల్స్ కలిపి నొక్కితే ఠంగుమని గంట మోగేది, మార్కులు పోయేవి, యాక్సిలరేటర్ పనిచేయడం మానేసేది.

ఆ గంట కట్టింది భాయ్. హైదరాబాద్ పాతబస్తీ నుంచి వచ్చిన ఆయన, నాకంటే పెద్ద, ఆఫీసులో చైనీస్ వాళ్లు కూడా భాయ్ అనే పిలిచేవారు. ఇంట్లో దక్కనీ, నాతో తెలుగు, కంప్యూటర్‌తో తిట్లు మాట్లాడేవాడు. డ్రైవర్ చేసిన తప్పులు పట్టుకునే భాగమంతా ఆయనే రాశాడు. ఇక కారు కోయడం, బిగించడం, వైర్లు లాగడం చేసేది వర్క్‌షాపు అంకుల్. ఆయన తాతగారు తెల్లవాళ్ల కాలంలో విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చారట. అంకుల్ పుట్టింది పెరిగింది ఇక్కడే, ఆయన తెలుగులో సగం అరవం, సగం మలయ్ ఉండేవి. అయినా ఆ మాట చెవిన పడితే నాకు మా మేనమామ మాట్లాడినట్టే ఉండేది.

ఒకరోజు ఉత్తరాన ఉన్న ఒక చలి దేశం నుంచి ఒకావిడ వచ్చింది. పొడుగ్గా ఉంది, తెల్లజుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. ఒకప్పుడు నర్సు, ఇప్పుడు నర్సులకు చలికాలంలో కారు నడపడం నేర్పే మనిషి. వాళ్ల దేశంలో నర్సులు పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి లేవలేని ముసలివాళ్లకు ఇంజెక్షన్లు ఇస్తారట, కట్లు మారుస్తారట. దారిలో ఒక చక్రం మంచులో దిగబడితే ఆ చుట్టుపక్కల పిలవడానికి మనిషి ఉండడు. కొత్త నర్సులకు మంచు పడకముందే సాధన చేయించాలి, అందుకు మా యంత్రాలు కావాలంది. అవి పనికొస్తాయని తేలితే వాళ్ల దేశమంతటికీ మావే తీసుకుంటామంది. కొలతల కోసం తమ నర్సులు వాడే రకం కారు ఒకటి ఓడలో ముందే పంపింది. స్టీరింగ్ ఎడమ పక్కనున్న ఆ ఆటోమేటిక్ కారు వర్క్‌షాపు ముందు నిలబడి, అంకుల్ రంపం కోసం ఎదురుచూస్తోంది.

ఈ ఆర్డరు మీద ఎవరి బతుకు వేలాడుతోందో మా అందరికీ తెలుసు. డాట్‌కామ్ కంపెనీలు ఒక్కొక్కటే షట్టర్లు దించేస్తున్న రోజులవి. ఇక్కడి డ్రైవింగ్ స్కూళ్లు కొత్త యంత్రాలు కొనడం ఆపేశాయి. బాస్ దాచుకోకుండా చెప్పింది, ఈ ఆర్డరు వస్తే అందరం ఉంటాం, రాకపోతే పాస్ పొడిగించమని ప్రభుత్వానికి రాయలేనని. సింగపూర్‌లో ఉద్యోగం చేసుకోవడానికి మాకిచ్చే పాస్ కంపెనీతో ముడిపడి ఉంటుంది, కంపెనీ వదిలేస్తే కొద్దివారాల్లో దేశం వదలాలి. అందరికంటే ముందు ముగిసేది భాయ్ పాస్. ఆయన కూతురు ఆరో తరగతి. ఆ తరగతి చివర ఇక్కడ పిల్లలందరూ రాసే పెద్ద పరీక్షకి ఇంకా కొన్ని నెలలే ఉన్నాయి. పిల్ల ఒకటో తరగతి నుంచీ ఇక్కడే చదువుకుంది, హిందీ ఉర్దూ తెలుగు ఏదీ రాయడం రాదు. ఈ మధ్యలో తీసుకుపోతే ఏ బడిలో వేయాలో ఆయనకి తోచేది కాదు. భార్య అప్పటికే అట్టపెట్టెలు తెచ్చి మంచం కింద పెట్టిందని నాతో ఒకసారి అన్నాడు.

తెల్లజుట్టావిడ మా యంత్రంలో కూర్చుంది. తెర మీద ఆవిడ కోసమే తయారుచేసిన మంచు రోడ్డు, రెండు పక్కలా దేవదారు చెట్లు. బొమ్మలు చూసి ఆవిడ బాగుందన్నట్టు తలాడించింది. కావాలనే కారును రోడ్డు అంచుకి తీసుకెళ్లి ఒక చక్రాన్ని మంచులో దింపింది. యాక్సిలరేటర్ నొక్కింది, చక్రం ఊరికే గిర్రున తిరిగింది. అప్పుడు ఎడమకాలు ఎత్తి, కుడికాలు తీయకుండానే, బ్రేకు మీద మెల్లిగా ఆనించింది.

గంట మోగింది. ఆవిడ కాలు తీసి మళ్లీ ఆనించింది. గంట మళ్లీ మోగింది.

"మా నర్సులు ఇంటికి చేరేది ఇలాగే. మీ కారు దీన్ని తప్పంటోంది," అంది, కోపంగా కాదు, రోగికి పరీక్ష ఫలితం చెప్పినట్టు. ఈ చుట్టుపక్కల దేశాల్లో వేరే పనులున్నాయట, తిరుగు ప్రయాణంలో వచ్చేవారం మళ్లీ వస్తానంది. అప్పటికి ఈ కారు మంచులోంచి బయటికి రావాలి, లేదంటే ఇంకో కంపెనీని చూసుకుంటామని చెప్పి టాక్సీ ఎక్కింది.

గంట తీసేస్తే సరిపోతుంది కదా అని మీకనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. బాస్ ఒప్పుకోలేదు. "బ్రేక్ అంటే స్టాప్. స్టాప్ నొక్కితే కారు ముందుకెలా వెళ్తుంది? చెప్పు," అంది. ఆవిడ మంచు దేశపు మనిషి, చెప్తోంది కదా అన్నాను. "నా స్కూల్లో ప్రతి స్టూడెంట్ వాళ్ల నాన్నకీ ఒక ట్రిక్ తెలుసు లా," అంది, ఇక్కడివాళ్లు మాట చివర తగిలించే ఆ "లా"తో సహా. "అన్నీ నమ్మి ఉంటే సగంమంది చచ్చేవాళ్లు. పనిచేయనిదాన్ని తెర మీద పనిచేసినట్టు చూపిస్తే అది వీడియో గేమ్. నేను గేమ్‌లు అమ్మను." ఆవిడ మొండితనం మీద నాకు మంట పుట్టింది కానీ, ఆ చివరి మాటలో తప్పు లేదు. ఆర్డరు పోతే అందరికంటే ఎక్కువ మునిగేది ఆవిడే.

భాయ్ సంగతి ఇంకా చిత్రం. అవసరమంతా ఆయనది, అయినా ఆయనకీ నమ్మకం లేదు. "బెహెన్, బ్రేక్ ఏస్తే బండి ఆగాలె. ఆగకుండ ముంగటికి పోతదంటే నేను ప్రోగ్రామ్‌ల ఏమని రాయాలె?" అన్నాడు.

నేను తెల్లబోర్డు దగ్గరికి వెళ్లాను. మీకూ చెప్తాను, భయపడకండి, కూడికలు వస్తే చాలు. ఇంజిన్ బలం ఆ కారులో ముందు రెండు చక్రాలకీ పోతుంది. ఆ రెంటి మధ్య పంపకం చేసే గేర్ల పెట్టె ఒకటుంటుంది. ఈ కారులో పెట్టిన పెట్టె ప్రత్యేకమైనది. ఒక చక్రం జారి తిరుగుతుంటే, అది ఎంత బలం పుచ్చుకుంటుందో దానికి దాదాపు మూడింతలు నిలిచివున్న చక్రానికి ఇస్తుంది. వినడానికి బాగుంది కదా. కానీ మంచులో దిగబడిన చక్రానికి అడ్డేమీ లేదు, గాలిలో తిరిగినట్టు తిరుగుతుంది, బలం ఏమీ పుచ్చుకోదు. సున్నాకి మూడింతలు సున్నాయే. కారు కదలదు.

ఇప్పుడు బ్రేకు కొంచెం ఆనించండి. జారే చక్రానికి బ్రేకుతో పెనుగులాట మొదలవుతుంది, పెనుగులాడాలంటే అది బలం పుచ్చుకోక తప్పదు. ఒక వంతు పుచ్చుకుందనుకుంటే, గట్టి నేల మీదున్న చక్రానికి మూడు వంతులు పోతాయి. దాని మీదా బ్రేకు ఉంది కాబట్టి అందులో ఒక వంతు బ్రేకు తినేస్తుంది. వెనక చక్రాల బ్రేకులు ఇంకొంచెం తింటాయి. అయినా కొసరు మిగులుతుంది. ఆ కొసరుతో కారు బయటపడుతుంది.

అంతా రాసి వెనక్కి జరిగి చూసుకున్నాను. లెక్కలో తప్పు లేదు. అయినా నా ఒళ్లు ఒప్పుకోలేదు. ఆపడానికి పెట్టిన వస్తువే కారును కదిలిస్తుందని బోర్డు చెప్తోంది, చదివిన నాకే అది కనికట్టులా ఉంది. బాస్ బోర్డు వంక చూసి, "నాకు అంకెలు చూపించకు, కారు చూపించు," అంది.

కారు బయటే ఉంది. మంచు లేదంతే. భవనం వెనక లారీలు సామాను దింపడానికి సిమెంటు ర్యాంపు ఒకటుంది, శనివారం మధ్యాహ్నం లారీలు రావు. మంచు అంటే గడ్డకట్టిన నీళ్లే కదా, చేపల రేవుకి ఐసు అమ్మేవాళ్ల దగ్గర దంచిన ఐసు బస్తాలకొద్దీ దొరుకుతుందని నాకు తోచింది. ఆ మాట అనగానే అంకుల్ నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు.

"ఏటమ్మాయ్ నువ్వు. బ్రేకూ గ్యాసూ కలిపి తొక్కితే గేరుపెట్టె రొసాక్ అయిపోద్ది, పాడైపోద్ది. నాకు తెల్దేటి?" అన్నాడు. ఎలాగూ రంపం పెట్టేదే కదా అంకుల్ అంటే, "కోసీడం వేరు, హింస పెట్టీడం వేరు," అని గొణిగి, వెళ్లి ఐసు తెచ్చాడు.

శనివారం ఎండ మండిపోతోంది. కారును ర్యాంపు మొదట్లో నిలబెట్టాం. వెనక్కి జారకుండా వెనక చక్రాలకి కొయ్యదిమ్మలు పెట్టాం. ముందు ఒక చక్రం కింద ఐసు గుట్టగా పోశాం, రెండోది పొడి సిమెంటు మీద ఉంది. సింగపూర్ మంచు చేపల వాసన వేస్తుందని ఆ రోజే నాకు తెలిసింది. కారు ఎవరు నడపాలన్న మాట వచ్చేలోపే బాస్ తాళాలు లాక్కుంది. అలవాటు కొద్దీ కుడి తలుపు తీసుకుని కూర్చుంది, ఎదురుగా స్టీరింగ్ లేదు. దిగి, ఎవరి మొహమూ చూడకుండా ఇటు తిరిగి వచ్చి ఎడమ తలుపు తీసింది. భాయ్ దగ్గు నటించాడు.

మొదటిసారి అంతా అభాసు అయింది. యాక్సిలరేటర్ నొక్కగానే చక్రం ఐసును తొలుచుకుంటూ పోయి కింద సిమెంటును పట్టుకుంది, కారు ఒక్క దూకు దూకి ర్యాంపెక్కేసింది. బాస్ కిటికీలోంచి తల బయటపెట్టి, "చూశావా, బ్రేక్ అక్కర్లేదు," అంది. ఐసు సగం అప్పటికే నీళ్లయి కాలవలోకి పోతోంది. భాయ్ ఆ నీళ్ల వంకే చూస్తూ నిలబడ్డాడు. పిల్లకి ట్యూషన్ ఉంది, దింపాల్సిన టైమైంది, అయినా ఆయన కదలలేదు.

అప్పుడు అంకుల్ లోపలికి వెళ్లి ఒక మందపాటి ఇనుపరేకు ఈడ్చుకొచ్చాడు. దానికి గ్రీజు పూసి, గొలుసుతో స్తంభానికి కట్టి, ఆ రేకు మీద ఐసు పోయించాడు. "ఇప్పుడు తొలిచినా కింద జారుడే. నీ లెక్క తప్పని తేలాలంటే సరిగ్గా తేలాల," అన్నాడు నాతో. ఓడించడానికి కూడా పని శుభ్రంగా చేసే మనిషి.

బాస్ మళ్లీ యాక్సిలరేటర్ నొక్కింది. చక్రం రివ్వుమని తిరిగింది, ఐసు ముక్కలు ఎగిరి అంకుల్ చొక్కా మీద పడ్డాయి. కారు ఉన్నచోటే ఉంది. ఇంకా నొక్కింది. చప్పుడు పెరిగింది, కారు చీమంత కూడా జరగలేదు. అటుపక్క చక్రం పొడి సిమెంటు మీద, ఏ ఇబ్బందీ లేకుండా, ఊరికే నిలబడి ఉంది. సున్నాకి మూడింతలు ఎలా ఉంటుందో కళ్లెదుట కనిపిస్తోంది. భాయ్ బిర్యానీ పార్సిల్ తెచ్చిన ప్లాస్టిక్ కవర్లో చిన్న రికార్డర్ చుట్టి చక్రం పక్కన పెట్టాడు, తెర మీది కారుకి ఈ చప్పుడే వాడుకుందామని.

నేను కిటికీ దగ్గర వంగి, "ఇప్పుడు ఎడమకాలు, మెల్లిగా," అన్నాను.

ఆవిడ కాలు లేవలేదు. వద్దనుకుని కాదు, లేపబోయింది, పాదం కాస్త పైకొచ్చి దానంతటదే మళ్లీ నేలకి ఆనింది. ఎన్ని వేలమందికి ఆ కాలు కదపొద్దని చెప్పి ఉంటుందో. ఆవిడ తన మోకాలి వంక చూసుకుంది. "ఇది రావడంలేదు," అంది, మొదటిసారి కారు నేర్చుకునే పిల్లలా. తర్వాత చెప్పు విడిచేసి, ఒట్టి పాదాన్ని బ్రేకు మీద పెట్టింది.

చక్రం చప్పుడు తగ్గింది. సన్నగా కీచుమంటున్నది కాస్తా బరువుగా, లోతుగా, మూలుగులా మారింది. ఒక్క క్షణం ఏమీ జరగలేదు. ఆ క్షణంలో నేను నా లెక్కను పూర్తిగా వదిలేసుకున్నాను. అప్పుడు అటుపక్క, పొడి సిమెంటు మీద, ఇందాకటి నుంచీ చలనం లేకుండా ఉన్న చక్రం తిరిగింది. వేగంగా కాదు, ఎవరో లోపలినుంచి చేత్తో తిప్పుతున్నట్టు, అంత నిదానంగా. కారు ర్యాంపు మీద పైకి కదిలింది. బ్రేకు మీద ఒక పాదం ఉండగా కదిలింది.

బోర్డు మీద రాసిన కొసరు, నేను చాక్‌పీసంత మార్కరుతో గీసిన ఆ ఒక్క చిన్న మిగులు, ఇంత ఇనుమును ఎత్తుకుని నా ముందునుంచి వెళ్లిపోతోంది. లెక్క నిజమవడం వేరు, ఆ నిజం మన పక్కనుంచి వేడిగా రాసుకుంటూ పోవడం వేరు. నాకు కళ్లలో నీళ్లు వచ్చాయి. ఇరవయ్యేళ్ల వయసులో పుస్తకంలో చదివి పరీక్షలో రాసి మరిచిపోయిన సూత్రం ఇన్నాళ్లూ ఇలాంటి కార్ల కింద మౌనంగా పనిచేస్తూనే ఉందన్న సంగతి అప్పుడు నాకు తట్టింది. దేవుడి గుళ్లో కూడా నాకు అంత భక్తి కలగలేదు, మా అమ్మ వింటే ఏమనుకునేదో.

"సుభానల్లా," అన్నాడు భాయ్, పైకి వినపడీ వినపడకుండా. అంకుల్ నేల మీద బోర్లా పడుకున్నంత పనిచేసి కారు కిందికి చూస్తున్నాడు. లేచి చొక్కా దులుపుకుని, "పోనాదమ్మా. పైకి పోనాది," అన్నాడు.

బాస్ ర్యాంపు మీద కారు ఆపింది, చేతులు మాత్రం స్టీరింగ్ మీంచి తీయలేదు. మేం ముగ్గురం దగ్గరికి వెళ్లాం. ఆవిడ మొహం చూస్తే తిడుతుందో ఏడుస్తుందో తెలియలేదు.

"మళ్లీ," అంది.

ఐసు అంతా కరిగేదాకా చేయించింది. బ్రేకు గట్టిగా నొక్కి చూసింది, కారు మొరాయించింది. మరీ తేలిగ్గా ఆనించింది, చక్రం మళ్లీ రివ్వుమంది. ఆ రెంటి నడుమ ఎక్కడో సన్నని చోటు ఒకటుంది, పాదానికి మాత్రమే తెలిసే చోటు. అది దొరికిన ప్రతిసారీ ఆవిడ పళ్లు బిగబట్టి నవ్వేది. తాళాలు భాయ్ చేతిలో పెట్టి, "సింగపూర్ కార్లకి గంట ఉండాల్సిందే. ఈ కారుకి తీసేయ్," అని లోపలికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత మూడు రోజులు భాయ్ కుర్చీలోంచి లేచింది నమాజుకీ, తిండికీ మాత్రమే. గంట తీయడం తేలిక. గంట వెనక ఉన్న నమ్మకం, రెండు పెడల్స్ కలిస్తే డ్రైవర్ తప్పు చేశాడన్న నమ్మకం, ప్రోగ్రాములో ఎక్కడెక్కడో వేళ్లు పాతుకుని ఉంది. ఒకచోట పీకితే ఇంకోచోట కారు ఆగిపోయేది. నేను పక్కన కూర్చుని కొసరు లెక్క చెప్తూ ఉండేదాన్ని, ఆయన రాస్తూ ఉండేవాడు. అంకుల్ మనసు రాయి చేసుకుని కారుకి రంపం పెట్టాడు. ముందు సగం తెచ్చి బిగించేటప్పుడు బ్రేకు పెడల్‌ని చేత్తో ఒకసారి తుడిచాడు.

తెల్లజుట్టావిడ చెప్పినట్టే వచ్చింది. కోటు కుర్చీకి తగిలించి కూర్చుంది. రోడ్డు అంచుకి పోయింది, చక్రం దింపింది, యాక్సిలరేటర్ నొక్కింది. భాయ్ నా పక్కన నిలబడి గోడను పట్టుకున్నాడు. ఆవిడ ఎడమకాలు ఎత్తింది. గంట మోగలేదు. చక్రం చప్పుడు కీచునుంచి మూలుగులోకి దిగింది, తెర మీద దేవదారు చెట్లు ఎంతో నిదానంగా వెనక్కి జరగడం మొదలుపెట్టాయి.

ఆవిడ చక్రాన్ని మళ్లీ దింపింది. ఈసారి బ్రేకు గట్టిగా నొక్కింది, కారు కదల్లేదు. తేలిగ్గా ఆనించింది, చక్రం జారింది. సరిగ్గా ఆనించింది, కారు బయటికొచ్చింది. మా బాస్ ర్యాంపు మీద చేసిన పరీక్షలనే, అదే వరసలో చేస్తోంది. బాస్ చేతులు కట్టుకుని చూస్తూ, ఒక్కో పరీక్షకీ తన ఎడమ పాదాన్ని తెలియకుండానే నేలకి నొక్కుతోంది.

చివరికి ఆవిడ కాళ్లు రెండూ తీసేసి, "ఈ చప్పుడు ఎక్కడ పట్టారు?" అని అడిగింది.

"వెనకాల," అంది బాస్.

చూపించమంది. అందరం వెనక్కి వెళ్లాం. ర్యాంపు మీద లారీ ఒకటి నిలబడి ఉంది, నూడుల్స్ పెట్టెలు దింపుతున్నారు. ఎండ తెల్లగా కాస్తోంది. చేపల ఐసు గురించీ ఇనుపరేకు గురించీ బాస్ చెప్తుంటే ఆవిడ వింటూ, ఆ సిమెంటు వంక చాలాసేపు చూసింది. వంగి దాన్ని అరచేత్తో తాకింది, చురుక్కుమని చెయ్యి తీసేసుకుంది.

"ఇక్కడా," అంది. ప్రశ్నలా లేదది. అరచెయ్యి తుడుచుకుంటూ, "నేను ఉద్యోగంలో చేరిన మొదటి చలికాలం నాకు ఇది ఎవరూ నేర్పలేదు. ఒక ఇంటికి ఆలస్యంగా చేరాను," అంది. లారీ మనుషులు పక్కకి జరగమంటే జరిగాం. వెనక్కి నడుస్తూ ఆవిడ మామూలు గొంతుతో బాస్‌తో అంది, "ఇవి మేం తీసుకుంటున్నాం."

అలాంటి పని ఇప్పుడు మీ కార్లలో మనిషి చేయనక్కర్లేదు. జారుతున్న చక్రాన్ని కనిపెట్టి దానికొక్కదానికే బ్రేకు వేసే కంప్యూటర్ లోపలే ఉంటుంది, చాలా కార్లు రెండు పెడల్స్ కలిపి నొక్కితే ఇంజిన్‌నే తగ్గించేస్తాయి. కాబట్టి ఇంటికెళ్లి మీ నాన్నల కార్ల మీద ప్రయోగాలు చేయకండి. నేను చెప్పేది వేరు. మీ పనిలో కూడా ఎక్కడో ఒకచోట ఇలాంటి కొసరు ఒకటి ఉంటుంది, పుస్తకంలో అరవాక్యంగా. దాన్ని ఒక్కసారైనా బయట, ఎండలో, మీ కళ్లతో చూడండి. ఆ తర్వాత మీ ఉద్యోగం మీద మీకు విసుగు పుట్టదు. పుట్టినా ఎక్కువకాలం ఉండదు.

ఆ రోజు భాయ్ మాతో లోపలికి రాలేదు. ఏమయ్యాడా అని చూస్తే కారిడార్ చివర ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. "సామాన్ నక్కో బాంధో," అంటున్నాడు భార్యతో, సామాను కట్టొద్దని. ఆ మాటే మూడు నాలుగు సార్లు అన్నాడు, అవతల ఆవిడకి నమ్మకం కుదరడంలేదు కాబోలు. అంతలో ఫోన్ కూతురి చేతికి పోయినట్టుంది. ఆ పిల్ల గొంతు ఎంత పెద్దదంటే నాకు అక్కడికే వినిపించింది.

"పప్పా, దెన్ నాకు ఎగ్జామ్ స్టిల్ ఉందా? అయ్యో, నేను బుక్స్ అన్నీ ఫ్రెండ్స్‌కి ఇచ్చేశాను లా."

భాయ్ గోడకి నుదురు ఆనించాడు. భుజాలు ఊగుతున్నాయి, నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో వెనకనుంచి నాకు తెలియలేదు. "హౌ బేటా, లిఖ్‌నాచ్ పడతా," అన్నాడు. రాయక తప్పదమ్మా అని. అవతల పిల్ల విసుక్కుని ఫోన్ పెట్టేసిన తర్వాత కూడా, చేతిలో ఫోన్ అలాగే చెవికి ఆనించుకుని, రాయక తప్పదు, రాయక తప్పదు అని ఆయన అంటూనే ఉన్నాడు.